అరిచే ఆలస్యం, అరవని ఆలస్యం

పోయిన నెల ఈ శీర్షికలో ఒక ఉత్తరానికి జవాబిస్తూ, "2020 జనవరిలో మన శాసనమండలి రాజధాని బిల్లుల్ని ఆపింది" అని ఒక్క వాక్యం రాశాను. అంతే, ఉత్తరాల సంచి బరువెక్కింది. కొందరు నా మెడలో పసుపు కండువా చూశారు. ఇంకొందరు అదే వాక్యంలో నీలం రంగు చూశారు. ఒకాయనైతే "ఆపింది అనకూడదు, అడ్డుకుంది అనాలి, రెంటికీ తేడా తెలియని మీకు పత్రికలో చోటెలా ఇచ్చారు?" అని సంపాదకుడికే రాశాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నా సంగతి ఒక ముక్క. నేను శాసనసభ సచివాలయంలో రిపోర్టరుగా చేశాను. పత్రికల రిపోర్టరు కాదు, సభ మధ్యలో బల్ల ముందు కూర్చుని ఎవరేమన్నా షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకునే రిపోర్టరు. చాలాకాలం హైదరాబాదులో, 2017 మార్చి నుంచి వెలగపూడిలో. 2018లో రిటైరై గుంటూరు వచ్చేశాను. ఇప్పుడు బ్రాడీపేటలో పొద్దున ఇడ్లీ, సాయంత్రం మీ ఉత్తరాలు. ఈ నెల ఆ ఒక్క వాక్యం చుట్టూ తిరిగిన ఉత్తరాలే తీసుకున్నాను. వంకాయ పురుగుల మందు గురించి అడిగిన తాడికొండ రైతుగారు మన్నించాలి, అది పక్క పేజీ వాళ్ల పని.

ప్రశ్న: మేష్టారూ, ఆపింది అన్నారు. ఆఖరికి ఆ బిల్లులు చట్టాలు అవనే అయ్యాయి కదా! ఇక మండలి ఆపిందేమిటి? ఆ మాత్రానికి దాన్ని పోషించడం దేనికి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మేష్టారు మీరండీ, నేను గుమాస్తాని. అయినా అందరికీ అలవాటైపోయింది, కానివ్వండి.

జరిగింది వరసలో పెట్టుకుందాం. 2020 జనవరి 20న శాసనసభ, రాజధానిని మూడు ఊళ్లకు పంచే వికేంద్రీకరణ బిల్లునూ, అమరావతి నిర్మాణం చూసే సీఆర్డీఏ అనే సంస్థ రద్దు బిల్లునూ ఆమోదించింది. 175 మందిలో 151 మంది వైసీపీ వాళ్లే, కాబట్టి అక్కడ పేచీ లేదు. మర్నాడు మండలికొచ్చాయి. 58 మంది ఉండే ఆ సభలో అప్పుడు పైచేయి తెలుగుదేశానిది. వాళ్లు ప్రభుత్వ విధానాన్ని తిరస్కరించే 71వ నిబంధన కింద నోటీసిచ్చి, బిల్లుల కంటే ముందు దీని సంగతి తేల్చండి అన్నారు. రెండు రోజులు అదే రభస. 22 రాత్రి చైర్మన్ షరీఫ్ గారు తన విచక్షణాధికారం వాడుతున్నానని చెప్పి బిల్లులను సెలెక్ట్ కమిటీకి, అంటే కొందరు సభ్యులు కూర్చుని బిల్లును పరిశీలించే కమిటీకి, పంపారు. ఆ కమిటీ ఏనాడూ ఏర్పడలేదు. వారం తిరక్కుండా, 27న, శాసనసభ అసలు మండలినే ఎత్తేయమని 133 ఓట్లతో తీర్మానించింది. ఎదురు ఓటు ఒక్కటీ లేదు, ఎందుకంటే తెలుగుదేశం వాళ్లు ఆ రోజు సభకు రాలేదు.

రాజ్యాంగం 197వ అధికరణం ఏమంటుందంటే, శాసనసభ పంపిన బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు ఉంచుకోవచ్చు. శాసనసభ రెండోసారి ఆమోదించి పంపితే ఇంకొక్క నెల. ఆ పైన మండలి ఊ అన్నా ఊహూ అన్నా రెండు సభలూ ఆమోదించినట్టే లెక్క. ఢిల్లీలో రెండు సభలకూ పేచీ వస్తే ఉమ్మడి సమావేశం ఉంటుంది, రాష్ట్రాల్లో అదీ లేదు. మండలి తలుపుకు తాళం ఇవ్వలేదన్నమాట, గడియ పెట్టి ఊరుకున్నారు. జూన్ 16న శాసనసభ ఆ బిల్లుల్ని మళ్లీ ఆమోదించింది. 17న మండలి వాటి జోలికి పోకుండానే నిరవధికంగా వాయిదా పడింది. నెల గడిచింది, జులై 31న గవర్నరు సంతకం పడింది. నాలుగు నెలల గడియ ఆరు నెలల పైన నిలిచింది, మధ్యలో కరోనా కూడా ఓ చెయ్యి వేసింది.

ఆ ఆరు నెలల వల్ల ఏం ఒరిగిందని కదా మీ ప్రశ్న. అమరావతి రాజధాని కోసం ముప్పై మూడు వేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చిన తుళ్లూరు వైపు రైతులకు నిలదొక్కుకునే వ్యవధి దొరికింది. వ్యవహారం కోర్టుల్లో నలిగింది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాల్ని వెనక్కి తీసుకుంది, 2022 మార్చి 3న అమరావతినే రాజధానిగా కట్టాలని హైకోర్టు తీర్పు వచ్చింది. మండలి వల్లే ఇదంతా జరిగిందని నేననను. కానీ జనవరిలోనే సంతకం పడి ఆఫీసులు లారీలెక్కి ఉంటే, తర్వాత ఏ తీర్పు వచ్చి వాటిని దింపేది? నా మటుకు ఆ ఆలస్యం పనికొచ్చిన ఆలస్యమే. విశాఖలో ఉండే మా బావమరిది ఇదే సంగతిని ద్రోహం అంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మేమిద్దరం ఈ ఊసెత్తకుండా మా ఆవిడ కాపలా కాస్తుంది.

అయితే అదే జూన్ 17న మండలి ఇంకో కాగితాన్ని కూడా వదిలేసి వెళ్లింది. అది ద్రవ్య వినిమయ బిల్లు, ఖజానాలోంచి ఖర్చుకు డబ్బు తీయడానికి అనుమతిచ్చే బిల్లు. ఆ ఏడు మార్చిలో కరోనా వల్ల బడ్జెట్ పెట్టలేక మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు ఇచ్చారు, దాని గడువు జూన్ 30. డబ్బు బిల్లును మండలి పద్నాలుగు రోజుల కంటే ఆపలేదు, కానీ ఆ పద్నాలుగు రోజులూ మాత్రం ఆగాలి. ఏ బిల్లు ముందు, ఏ బిల్లు వెనక అన్న పంతంలో అటూ దిగలేదు, ఇటూ దిగలేదు. జులై ఒకటిన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగులకు జీతాలు పడలేదు. మా వీధిలో ఉద్యోగుల ఇళ్లు ఆరేడు ఉన్నాయి. పాలబ్బాయి ఆ వారమంతా గేటు దగ్గర నిలబడి "మండలి అంటే ఏంటండీ?" అని అడిగినవాళ్లనల్లా అడిగాడు. దీన్ని నేను పనికొచ్చిన ఆలస్యం అనలేను. రెండు పక్షాలూ కలిసి చేసిన పని అది.

పోషించడం దేనికి అన్నారు కదా, మండలి ఉండాలా వద్దా అన్నది మన పార్టీలకు సిద్ధాంతం ఎప్పుడూ కాలేదు. 1985లో దాన్ని తీసేయించింది ఎన్టీఆర్. 2020లో దాని గడియ పట్టుకుని వేలాడింది ఆయన పెట్టిన పార్టీ. 2007లో దాన్ని మళ్లీ తెచ్చింది వైఎస్. తీసేయమని తీర్మానించింది ఆయన కొడుకు ప్రభుత్వం, మళ్లీ 2021 నవంబరులో, మండలిలో తమ బలం పెరిగాక, ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నదీ అదే ప్రభుత్వం.

ప్రశ్న: బాబాయ్ గారూ, అమెరికా సెనేట్‌లో ఒకే మనిషి రోజంతా మాట్లాడి బిల్లును ఆపుతాడట. మన ఎంపీలు అలా ఎందుకు చేయరు? కేకలు వేయడం కంటే అది గౌరవంగా ఉంటుంది కదా.
— డిగ్రీ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: బాబూ, నువ్వు చెప్పేదాన్ని వాళ్లు ఫిలిబస్టర్ అంటారు. ఆ మాటకు మూలం సముద్రపు దొంగ అని తెలిస్తే గౌరవం సంగతి కొంచెం ఆలోచిస్తావు.

1957 ఆగస్టులో దక్షిణ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. నల్లజాతివారి ఓటు హక్కుకు సంబంధించిన పౌరహక్కుల బిల్లును ఆపాలని ఆయన తాపత్రయం. సరుకు అయిపోయి ఒక్కో రాష్ట్రం ఎన్నికల చట్టాన్నీ వరసగా చదివాడు. మధ్యలో ఒంటికి వెళ్లాల్సిన పని రాకూడదని ముందుగానే ఆవిరి స్నానాలు చేసి ఒంట్లో నీరు తీసేయించుకున్నాడని చెబుతారు. ఇంతా చేస్తే బిల్లు ఆగలేదు, పది పన్నెండు రోజుల్లో చట్టమైంది. ఆ రికార్డు 2025లో పోయింది. కోరీ బుకర్ అనే నల్లజాతి సెనేటరు 25 గంటల 5 నిమిషాలు మాట్లాడాడు. ఆయన ఏ బిల్లునూ ఆపడానికి లేవలేదు, ట్రంప్ ప్రభుత్వం మీద నిరసనగా లేచాడు.

ఇంకో సంగతి, అదే 1957 జనవరిలో మన కృష్ణ మీనన్ ఐక్యరాజ్య సమితి భద్రతామండలిలో కశ్మీరు మీద రెండు రోజుల్లో కలిపి దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడారు. కనుక మనవాళ్లకు గొంతు లేక కాదు. మా చిన్నప్పుడు పొన్నెకల్లు నాజర్ గారు బుర్రకథ ఎత్తుకుంటే తెల్లవారేదాకా జనం కదిలేవాళ్లు కాదు.

మరి సభలో ఎందుకు కుదరదు? అమెరికా సెనేట్‌లో లేచిన మనిషిని కూర్చోబెట్టే నిబంధన 1917 దాకా లేనేలేదు. అప్పుడు మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే చర్చ ముగించవచ్చన్నారు, 1975లో దాన్ని వందలో అరవై ఓట్లకు దించారు. ఇప్పుడైతే రాత్రంతా నిలబడే శ్రమ కూడా అక్కర్లేదు. అడ్డుపడతామని చెబితే చాలు, అరవై ఓట్లు లేని బిల్లు అక్కడే కూలబడుతుంది. 2013లో అధికారంలో ఉన్న డెమొక్రాట్లు నియామకాల వరకు ఆ అడ్డు తీసేశారు, సుప్రీంకోర్టు జడ్జీలను మాత్రం వదిలిపెట్టారు. 2017లో అధికారంలోకి వచ్చిన రిపబ్లికన్లు దాన్నీ తీసేశారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఇద్దరికీ అది ప్రజాస్వామ్యానికి ప్రాణం.

మన దగ్గర బీఏసీ, అంటే సభా వ్యవహారాల సలహా కమిటీ, కూర్చుని ఏ చర్చకు ఎన్ని గంటలో ముందే రాసేస్తుంది. ఆ గంటల్ని బలాన్ని బట్టి పంచుతారు. ముగ్గురు సభ్యులున్న పార్టీకి నాలుగు నిమిషాలు రావచ్చు. మూడో నిమిషంలో గంట మోగుతుంది, అయిదో నిమిషంలో మైకు పోతుంది. మైకు పోయాక కూడా పెదాలు కదుపుతున్న సభ్యుల్ని నేను వందలసార్లు చూశాను. వాళ్ల మాట రాసుకోవాలంటే మాకు పెదాలు చదవడం రావాలి. అలా మైకు పోయిన మనిషికి మిగిలేది రెండే. కూర్చోవడమో, పోడియం దగ్గరికి వెళ్లి నిలబడటమో. నాలుగు నిమిషాల మనిషికి నలభై నిమిషాలు ఇచ్చి చూస్తే కేకలు తగ్గుతాయని నా నమ్మకం. ఎవరూ ఇచ్చి చూడలేదు కనుక నన్ను తప్పు పట్టలేవు.

ప్రశ్న: విభజన రోజుల్లో స్పీకరు కుర్చీలో ఉన్నది మా తెనాలి ఎమ్మెల్యే. అప్పుడు సభలో మీరున్నారు కదా, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.
— గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ఉన్నదున్నట్టు రాయడమే నా ఉద్యోగం, కానీ ఆ నెలన్నరలో మేం రాసిందాంట్లో ఎక్కువ భాగం బ్రాకెట్లో ఒకే మాట, అంతరాయం.

2013 డిసెంబరులో రాష్ట్రపతి విభజన బిల్లును శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. మూడో అధికరణం ప్రకారం అభిప్రాయం అడగాలి, కానీ దానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. సీమాంధ్ర సభ్యులకు అది తెలుసు, తెలంగాణ సభ్యులకూ తెలుసు. అందుకే ఇద్దరూ గడియారం చుట్టూనే పోరాడారు. వీళ్లు గడువు సాగాలని, వాళ్లు సాగకూడదని. చిత్రమేమిటంటే మొదటి రోజుల్లో చర్చ జరగనివ్వనిది సీమాంధ్ర వాళ్లు. చర్చ మొదలైతే గడువు లెక్కలో ఒక మెట్టు ఎక్కినట్టవుతుందని వాళ్ల భయం. జనవరికి వచ్చేసరికి చర్చ ఇంకా కావాలన్నదీ వాళ్లే. బిల్లుకు సవరణలు తొమ్మిది వేల పైన పడ్డాయి. ఆ కట్టలు మోసిన అటెండర్లకు ఆ నెల నడుం నొప్పులు.

గడువు జనవరి 23. ఇంకా నాలుగు వారాలు కావాలని ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి అడిగితే రాష్ట్రపతి వారం ఇచ్చారు. 30న మీ స్పీకరు నాదెండ్ల మనోహర్ గారు బిల్లును తిప్పిపంపే తీర్మానాన్ని మూజువాణి ఓటుకు పెట్టారు. అవును, కాదు అన్న రెండు కేకలూ ఒకేసారి వచ్చాయి. ఆమోదించినట్టు ప్రకటించి వెళ్లిపోయారు. బల్ల దగ్గర నాకు రెండో కేక బిగ్గరగా వినిపించిందా, మొదటిదా అని మా అబ్బాయి ఇప్పటికీ అడుగుతాడు. నా పక్కనే ఎవరో బెంచీ గుద్దుతున్నారు, నాకు అదొక్కటే వినిపించింది.

తర్వాత కథ ఢిల్లీది. ఫిబ్రవరి 13న లోక్‌సభలో మన విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ మిరియాల స్ప్రే కొట్టారు. సభ దగ్గుకుంటూ బయటికొచ్చింది. ఆ స్ప్రే వల్ల అయిదు రోజులు లాభం. 18న తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా బిల్లు అయిపోయింది. 20న రాజ్యసభ. మిరపకాయల ఊళ్లో పుట్టినవాణ్ని కనుక చెబుతున్నా, కారం కొడితే కళ్లు మండుతాయి, ఓట్లు మారవు.

ప్రశ్న: సభ జరగనివ్వని ప్రతి నిమిషం మన పన్నుల డబ్బే కదా. నిమిషానికి ఎన్ని లక్షలో లెక్క కట్టి వాళ్ల జీతాల్లోంచి కోయాలి. ఏమంటారు?
— చిరు వ్యాపారి, భవానీపురం, విజయవాడ

జవాబు: కోద్దాం. కానీ కత్తెర పట్టుకునే ముందు ఎవరి జీతం అన్నది తేల్చుకోవాలి కదా.

2018 మార్చి తీసుకోండి. ప్రత్యేక హోదా మీద కేంద్రం మీద అవిశ్వాసానికి ముందు వైసీపీ నోటీసిచ్చింది, మర్నాడే తెలుగుదేశం ఎన్డీఏ నుంచి బయటికొచ్చి తానూ ఇచ్చింది. నోటీసు నిలవాలంటే యాభై మంది సభ్యులు తమ చోట లేచి నిలబడాలి, వాళ్ల తలలు లెక్కపెట్టాలి. అన్నాడీఎంకే వాళ్లు కావేరి ప్లకార్డులతో వెల్‌లో, అంటే స్పీకరు ముందున్న ఖాళీ జాగాలో, ఉన్నారు, సభ సద్దుమణగలేదు, తలలు లెక్కపెట్టలేను అని స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. ఏప్రిల్ 6న సమావేశాలే ముగిశాయి. ఇదంతా అరిచే ఆలస్యం, టీవీలో కనబడింది, జనం తిట్టుకున్నారు.

మరి అదే సభలో, అదే గోలలో, ఆ నోటీసుల ముందు రోజే, మార్చి 14న, దేశం మొత్తం బడ్జెట్టు, ఫైనాన్స్ బిల్లుతో సహా, చర్చ లేకుండా గిలెటిన్ కింద పెట్టి కోసి ఆమోదించారు. యాభై తలలు లెక్కపెట్టడానికి అడ్డొచ్చిన గోల లక్షల కోట్ల లెక్కకు అడ్డురాలేదు. పాలకపక్షానికి అవసరమైతే గోలలోనూ పని జరుగుతుంది, అవసరం లేకపోతే గోల సాకవుతుంది. ఇది అరవని ఆలస్యం. దీనికి నిమిషానికి ఎన్ని లక్షలు వేస్తారు?

ఆఖరికి జులైలో విజయవాడ ఎంపీ కేశినేని నాని ఇచ్చిన నోటీసును తీసుకున్నారు. 20న గుంటూరు ఎంపీ గల్లా జయదేవ్ చర్చ మొదలుపెట్టారు. మన రెండు ఊళ్లూ కలిసి చేసిన పని ఇదొక్కటే అనుకుంటా, లేకపోతే వారధికి అటూ ఇటూ ఆవకాయ దగ్గర కూడా మనకు ఏకాభిప్రాయం లేదు. అనుకూలం 126, వ్యతిరేకం 325. ముందు నోటీసిచ్చిన వైసీపీ వాళ్లు ఆ రోజు సభలోనే లేరు, అప్పటికే రాజీనామాలు ఆమోదం పొందాయి. నాలుగు నెలలు ఆగడంతో వేడి చల్లారింది, సంఖ్య ఎలాగూ మారేది కాదు.

ప్రశ్న: నిజం చెప్పండి. మీ ఓటు ఎవరికి?
— పేరు రాయలేదు, గుంటూరు

జవాబు: పేరు రాయనివాళ్లకు రహస్య ఓటు విలువ నేను చెప్పాలా?

ప్రశ్న: పార్టీ ఫిరాయించినవాళ్ల మీద ఫిర్యాదులు స్పీకర్ల దగ్గర అయిదేళ్లు మురుగుతాయి. దీనికి గడువు లేదా?
— న్యాయవాది, గాంధీనగర్, విజయవాడ

జవాబు: మీకు తెలియక అడగలేదని తెలుసు, పాఠకుల కోసం చెబుతాను. ఫిరాయింపుల నిరోధానికి 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చినప్పుడు తీర్పరిగా స్పీకర్ని పెట్టారు, తారీఖు మాత్రం పెట్టలేదు. అరవని ఆలస్యానికి ఇంతకంటే మంచి గూడు ఎక్కడా దొరకదు. ఎవరూ వెల్‌లోకి వెళ్లరు, ఒక్క కాగితం చిరగదు. ఫైలు బీరువాలో నిద్రపోతుంది, అంతే.

2014 సభలో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు. వాళ్లలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. ఫిర్యాదులు తేలకుండానే సభ కాలం తీరింది. దానికి నిరసన అంటూ వైసీపీ 2017 చివర్నుంచి సభకు రావడమే మానేసింది. మేం ఆ ఖాళీ బెంచీలకు ఎదురుగా కూర్చుని రాసుకున్నాం. చెప్పొద్దూ, షార్ట్‌హ్యాండ్ వాళ్లకు అంత సుఖం ఎప్పుడూ లేదు. ఎదురు మాట్లాడేవాడే లేడు, అంతరాయం అని రాసే పనే లేదు. ఒక మంత్రిగారు బిల్లు పెట్టి, తనే పొగిడి, తనే కూర్చునేవారు. ఇంటికొచ్చాక ఆ రోజు సభలో ఏం జరిగిందని మా ఆవిడ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. 2021 నవంబరులో చంద్రబాబు గారు మళ్లీ ముఖ్యమంత్రినయ్యాకే వస్తానని వెళ్లిపోయారు. 2024 తర్వాత పదకొండు మందితో వైసీపీ, ప్రతిపక్ష హోదా ఇస్తేనే అంటూ, ఎక్కువగా బయటే ఉంటోంది. అనుమతి లేకుండా అరవై రోజులు రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని 190వ అధికరణంలో ఉంది. ఎవరికి వారు ఆ అరవై లెక్క బాగానే గుర్తు పెట్టుకుంటారు.

గడువు సంగతంటారా, మణిపూర్ ఫిరాయింపు కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. 2025 జులై 31న తెలంగాణ పదిమంది ఎమ్మెల్యేల విషయంలోనూ స్పీకరుకు మూడు నెలలే చెప్పింది. కోర్టు ఒక్కో రాష్ట్రానికీ విడివిడిగా గంట కొట్టాల్సి వస్తోందంటే, షెడ్యూల్లోనే ఆ మూడు నెలలూ రాసేయడం తేలిక. రాసే చేతులు అధికారంలో ఉన్న చేతులే కావడమే చిక్కు.

ప్రశ్న: మహిళా బిల్లు కథ కూడా ఇదేనా సార్? మా అమ్మ కాలంలో మొదలైంది, మా అమ్మాయికి ఓటొచ్చింది.
— చేనేత కుటుంబం నుంచి, మంగళగిరి

జవాబు: అమ్మా, మీ ఒక్క వాక్యంలో ఉన్న లెక్క నా పేజీ మొత్తంలో లేదు. చట్టసభల్లో మూడోవంతు సీట్లు ఆడవాళ్లకు ఇచ్చే ఆ బిల్లును 1996 సెప్టెంబరులో దేవెగౌడ ప్రభుత్వం పెట్టింది. 1998లో మంత్రి చేతిలోంచి కాగితాలు లాక్కుని చించేశారు. ఆ చించినాయన పేరు అందరికీ తెలిసింది, దేశమంతా తిట్టింది. కానీ ఒక కాగితం చిరిగితే ఇంకో కాగితం అచ్చు వేసుకోవచ్చు, అచ్చాఫీసుకు అరగంట పని. 2010 మార్చి 9న రాజ్యసభ దాన్ని ఆమోదించింది. ఆ తర్వాత నాలుగేళ్లు లోక్‌సభ ముందుకు ఎవరూ ఓటుకు తీసుకురాలేదు. ఎవరూ చించలేదు, ఎవరూ అరవలేదు, 2014లో సభతో పాటే మురిగిపోయింది. ఆ నాలుగేళ్లకు ఎవరి పేరూ తగిలించి తిట్టుకోలేం.

2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454-2, రాజ్యసభలో ఎదురే లేదు. అంత మంది ఒప్పుకున్నది వెంటనే అమలు కావాలి కదా? జనగణన జరిగి, దాన్ని బట్టి నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అని ఆ చట్టంలోనే రాసుకున్నారు. వాయిదాను చట్టం లోపలే నేయడం అంటే ఇదే. నేతపని మీకు తెలుసు, పడుగులోనే ముడి ఉంటే పేక ఎంత జోరుగా కొట్టినా ఏం లాభం.

ప్రశ్న: ప్రపంచంలో అన్నిటికంటే వింతైన కాలయాపన ఏది?
— పదో తరగతి, సత్తెనపల్లి

జవాబు: జపాన్ వాళ్లది. అక్కడ సభ్యుడు వేదిక దగ్గరికి నడిచివెళ్లి ఓటు వేయాలి. ఆపాలనుకున్నవాళ్లు అంగుళం అంగుళం నడుస్తారు. మనమైతే నత్తనడక అంటాం, వాళ్లు ఎద్దు నడక అంటారు. 1992లో సైన్యాన్ని శాంతిరక్షణకు విదేశాలకు పంపే బిల్లు మీద ఇలా రాత్రుళ్లు నడిచారు. నువ్వు బడికి అలా వెళ్లకు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. ప్రతి సమావేశంలో ఒకే ఒక్క ఆయన లేచి, రాత్రి పదయ్యేదాకా అదీ ఇదీ అడుగుతూ ఏ తీర్మానమూ కానివ్వడు. సభల్లో ఇలాంటివాళ్లను ఎలా ఆపుతారో చెబితే పుణ్యం ఉంటుంది.
— మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: బ్రిటన్‌లో ఐర్లాండు సభ్యులు, పార్నెల్ అనే ఆయన నాయకత్వంలో, 1881లో కామన్స్ సభను ఏకధాటిగా 41 గంటలు నడిపించారు. ఆఖరికి స్పీకర్ బ్రాండ్ లేచి, ఏ నిబంధనా చేతిలో లేకుండానే, ఇక చాలు అని చర్చ కట్టేశారు. చర్చ ముగింపు నిబంధనలు ఆ తర్వాతే పుట్టాయి, మన లోక్‌సభలోనూ అలాంటిది ఉంది. ఎవరైనా "ఇక ఓటుకు పెట్టండి" అని ప్రతిపాదించవచ్చు. చర్చ చాలినంత జరిగిందని స్పీకరుకు అనిపిస్తేనే దాన్ని ఒప్పుకుంటారు. చాలినంత అన్న మాటలోనే ఉంది కిటుకంతా.

మీకు పనికొచ్చేవి చెబుతా. ఎజెండా వారం ముందే లిఫ్టు పక్కన అంటించండి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలని మొదట్లోనే, ఆయన లేవకముందే ఒప్పించండి. కోరం, అంటే సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, ఎంతో మీ బైలాస్‌లో చూసుకోండి, ఎనిమిదిన్నరకు సీరియల్ కోసం సగం మంది లేచిపోయాక చేసిన తీర్మానం రేపు ఆయన చేతికే చిక్కుతుంది.

ఇంతకీ మీ ఉత్తరం రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాశారు, ఆయన ప్రతిసారీ అడిగేది పోయిన ఏడాది బోరు మోటారు మార్చిన ఖర్చు బిల్లు అని. ఆ బిల్లు ఎక్కడుందండీ?